ఎవరైనా కాస్త ఇంజెక్షన్ ఇవ్వండి

మా ఆస్పత్రి మూడో అంతస్తులో ఒక గది ఉంది. అందులో మంచం మీద పడుకున్నాయన రోజూ చచ్చిపోతాడు, మళ్లీ రోజూ బతుకుతాడు. రబ్బరు బొమ్మే. కానీ కళ్లు ఆర్పుతాడు, ఊపిరి పీలుస్తాడు. మణికట్టు పట్టుకుంటే నాడి కొట్టుకుంటుంది. "గుండెల మీద బరువుగా ఉంది డాక్టర్" అని మూలుగుతాడు కూడా. మూలిగేది అద్దం వెనక కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషని మా అందరికీ తెలుసు. తెలిసి కూడా మొదటిసారి ఆ చెయ్యి పట్టుకున్నప్పుడు నా అరచేతులకి చెమట పట్టింది.

నేను ఆంధ్రాలో ఎంబీబీఎస్ చదివాను. పెళ్లయి మిషిగన్‌లోని ట్రాయ్‌కి వచ్చాను. మా ఆయన కార్ల కంపెనీలో ఇంజనీరు. ఆయన వీసా మీద వచ్చినదాన్ని కాబట్టి చాలా ఏళ్లు నాకు ఉద్యోగం చేసే వీల్లేదు. ఆ తర్వాత పిల్లలు, వాళ్ల స్కూళ్లు, వాళ్ల ఈత క్లాసులు. నాతో చదివినవాళ్లు ఇండియాలో ప్రొఫెసర్లయ్యాక, నలభై దాటాక, నేనిక్కడ పరీక్షలన్నీ రాసి, ఆస్పత్రిలో పనిచేస్తూ నేర్చుకునే రెసిడెన్సీలో మొదటి సంవత్సరం కుర్రదాన్నయ్యాను. నా బ్యాచ్‌లో మిగతావాళ్లకి నేను పిన్ని వరస. కానీ ఎవరూ ఆ మాట అనలేదు, వాళ్ల మంచితనం.

మొదటి ఏడు చివర మాకొక గండం ఉంటుంది. గుండె ఆగిన పేషెంటుని బతికించడానికి అందరూ పరుగెత్తుకొచ్చే హడావుడిని ఇక్కడ కోడ్ అంటారు. రెండో ఏట అడుగుపెట్టినవాళ్లు ఆ కోడ్‌ని నడిపించాలి. అంచేత ముందుగా మూడో అంతస్తులో బొమ్మ మీద నడిపించి చూపించాలి. లీడర్ మంచం కాళ్ల వైపు నిలబడాలి, పేషెంటుని ముట్టుకోకూడదు. పని చెప్పడమే పని. అది చేతకాకపోతే రెండో ఏడు లేదు.

నాకు భయం వెయ్యలేదు. మందులు, మోతాదులు, మానిటర్ మీద ఏ గీతకి షాక్ ఇవ్వాలి, ఏ గీతకి ఇవ్వకూడదు, అన్నీ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. పైగా నాకు నోరు తక్కువేం కాదు. కూరల కొట్లో బెండకాయ ముదిరిందని మేనేజర్ని పిలిపించిన మనిషిని.

ఆ రోజు బొమ్మ మూలిగింది, నేను చెయ్యి పట్టుకుని ధైర్యం చెప్పాను. తర్వాత మానిటర్ మీద గీత పిచ్చిపిచ్చిగా వణికింది, నాడి పోయింది. తెల్లజుట్టు నర్సొకాయన వెంటనే ఛాతీ నొక్కడం మొదలుపెట్టాడు. ఐసీయూలో రిటైరయ్యాక, మాలాంటివాళ్లకి నేర్పడానికి వారంలో కొన్ని రోజులు ఆ గదికి వస్తాడు. మా నాన్న కంటే పెద్దవాడిలా ఉంటాడు. నేను మంచం కాళ్ల దగ్గర నిలబడి అన్నాను, "ఎవరైనా కాస్త ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఇవ్వండి."

ఎవరూ ఇవ్వలేదు. ఇద్దరు ఒకే సొరుగు దగ్గరికి వెళ్లి, నువ్వంటే నువ్వని ఆగిపోయారు. "షాక్ మెషిన్ కాస్త చార్జ్ చేస్తే బావుంటుంది" అన్నాను. బావుంటుందని అందరూ ఒప్పుకున్నట్టే ఉన్నారు. తెల్లజుట్టాయన నొక్కుతూనే ఉన్నాడు, ఆయన మొహం ఎర్రబడింది. ఛాతీ నొక్కే మనిషిని రెండేసి నిమిషాలకి మార్చాలని నాకు తెలుసు. "ఎవరైనా మారితే..." అన్నాను. ఎవరైనా అనే మనిషి ఆ గదిలో లేడు. బొమ్మ చచ్చిపోయింది.

నేను చదువుకున్న చోట ఇలాంటిది జరిగితే ప్రొఫెసరుగారు వార్డంతా వినేలా తిట్టేవారు. గేదెలు కాసుకోమని, అదీ చేతకాదు పొమ్మని. పేషెంట్లు జాలిగా చూసేవాళ్లు. ఇక్కడ బొమ్మ గదిలో మాకు నేర్పే డాక్టరమ్మ ఎమర్జెన్సీలో తలపండిన మనిషి. ఆవిడ ఒక్క మాట కూడా గొంతు పెంచి అనలేదు. అందరినీ గుండ్రంగా కూర్చోబెట్టి ముందు నేను బాగా చేసినవే చెప్పింది. పేషెంటు చెయ్యి పట్టుకున్నావు, అది ఎవరో నేర్పితే వచ్చేది కాదు అంది. తర్వాత వీడియో పెట్టి, "నువ్వు ఎవరితో మాట్లాడుతున్నావో చూడు" అంది.

చూశాను. ఇంజెక్షన్ అడిగినప్పుడు నా చూపు గోడ మీద ఉంది. షాక్ అడిగినప్పుడు గడియారం మీద. మనుషులున్నవైపు ఒక్కసారి కూడా లేదు.

"ఛాతీ మీద చేతులున్నవాడికి ఎవరైనా అనే మాట వినపడదు, తన పేరే వినపడుతుంది," అంది ఆవిడ. అక్కడి పద్ధతి మళ్లీ విడమరిచి చెప్పింది. పేరు పెట్టి పిలిచి పని చెప్పాలి. విన్నవాడు ఆ పని పేరు తిరిగి పలకాలి. చేశాక అయిందని చెప్పాలి. ఆ మూడూ జరిగితేనే లీడర్‌కి పని జరిగినట్టు లెక్క. "నెలాఖరులో మళ్లీ రా. నీకు వైద్యం వచ్చు, పిలవడమే రావాలి" అని నా భుజం మీద చెయ్యి వేసింది. తిట్టినా బాగుండేది, ఏడుపొచ్చింది.

పిలవడం ఎందుకు రాలేదో నాకు ఆ వీడియో చూడగానే తెలిసిపోయింది. మా ఇంట్లో ఆడవాళ్లు తరతరాలుగా గోడకి చెప్పి మగవాళ్లచేత పనులు చేయించుకున్నారు. మా అమ్మ వంటింట్లో నుంచి "ఉప్పు అయిపోయింది" అని గోడతో అనేది, నాన్న చొక్కా వేసుకుని బయల్దేరేవారు. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మమ్మ నమ్మకం. నేను నా జన్మలో మా ఆయన పేరు ఆయన ముందు పలికింది ఒక్కసారే. పెళ్లయి అత్తవారింటికి వెళ్తే ఆడపడుచులు గుమ్మానికి అడ్డంగా నిలబడి, పేరు చెప్తేగానీ లోపలికి రానివ్వమన్నారు. సిగ్గుతో చచ్చి, గొణిగి, లోపల పడ్డాను. అప్పట్నుంచీ 'ఏమండీ'తోనే సంసారం సాగిపోయింది.

ఆస్పత్రిలోనూ అంతే. మా దేశంలో నర్సు సిస్టరు, పెద్ద డాక్టరు సారు, ముసలి ఆయా అవ్వ. పేర్ల అవసరం ఎప్పుడొచ్చింది? ఇక్కడ ఛాతీ మీద బ్యాడ్జీల్లో పేరు ఇంత లావు అక్షరాలతో రాసుంటుంది. అయినా ఆ ఏడాదంతా నేను ఒక్క నర్సునీ పేరు పెట్టి పిలవలేదు. పక్కన వెళ్లి నిలబడి, వాళ్లు తలెత్తేదాకా దగ్గేదాన్ని. పాపం, నాకు దగ్గు తగ్గడం లేదని ఒకావిడ తేనె తెచ్చిచ్చింది కూడా.

నా గోడు చెప్పుకోవడానికి నాకొక చోటు ఉంది. ఆదివారం పొద్దున్న వీడియోలో కలిసే మా తెలుగు డాక్టర్ల గ్రూపు. ఒకరినొకరం ఎప్పుడూ ఎదురుగా చూసుకోలేదు. ఇండియాలో చదివి ఇక్కడ రెసిడెన్సీ కోసం కష్టపడేవాళ్లకోసం జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో ఉండే ఒక పెద్దాయన మొదలుపెట్టారు. ఆపరేషన్లలో మత్తు ఇచ్చే డాక్టరుగా చేసి చాన్నాళ్ల కిందటే రిటైరయ్యారు, భార్య పోయారు. ఎనభైకి దగ్గరలో ఉన్నారు. పొద్దున్నే పికిల్‌బాల్ ఆడి, ఆ టోపీ తియ్యకుండానే వంటింటి బల్ల దగ్గర కెమెరా ముందు కూర్చునేవారు. నా ఇంటర్వ్యూలకి నన్ను తయారు చేసిందీ ఆయనే. ఇన్నేళ్లు ఉద్యోగం లేని నా గ్యాప్ గురించి అడిగితే తల దించుకోకుండా ఎలా చెప్పాలో నేర్పుతూ, ఒకే ప్రశ్న ఎన్ని రకాలుగా తిప్పి అడిగేవారో! పైసా తీసుకోలేదు, విసుక్కోలేదు. ఆ మనిషి లేకపోతే నేనీ కోటు వేసుకునేదాన్ని కాదు.

నా సంగతి వినగానే ఆయన లేచి వెళ్లి ఒక బాస్మతి బియ్యం బస్తా తెచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. దానికి తన పాత చొక్కా తొడిగి గుండీలన్నీ పెట్టారు. చేత్తో చెంచా పట్టుకుని స్టీలు గ్లాసు మీద టింగు టింగుమని కొట్టడం మొదలుపెట్టారు.

"ఇదిగో అమ్మాయ్, నీ పేషెంటు. ఈ చప్పుడు గుండె. ఆగిందంటే కోడ్. నేను నర్సుని. మిగతావాళ్లు నీ టీము. ఈ గంటసేపూ ఇక్కడ అక్కలూ అన్నలూ సార్లూ ఎవరూ లేరు. తెర మీద ఎవరి బొమ్మ కింద వాళ్ల పేరుంది, అదే పిలవాలి."

మా గ్రూపులో పడమటి తీరాన ఉన్న రెడ్‌మండ్ నుంచి ఒక అమ్మాయి వస్తుంది. ఇక్కడే పుట్టి పెరిగి మెడికల్ కాలేజీలో చదువుతోంది. తెలుగు పోతుందేమోనని, పేషెంట్లతో మాట్లాడాలని చేరింది. వాళ్లకింకా తెల్లారదు, చీకట్లోనే కాఫీ కప్పుతో కూర్చుంటుంది. బయట అందరినీ ఆంటీ, అంకుల్ అనే పిల్ల, చెంచా ఆగగానే పెద్దాయన్ని టకీమని పేరు పెట్టి, "స్టార్ట్ కంప్రెషన్స్!" అనేసింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆయన మాత్రం "కంప్రెషన్స్ మొదలుపెడుతున్నా" అని బస్తాని నొక్కడం మొదలుపెట్టారు.

నా వంతొచ్చింది. చెంచా ఆగింది. "సర్, మీరు కొంచెం..." అన్నాను.

ఆయన కదల్లేదు. కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు.

"సర్, ప్లీజ్..."

చెంచా పక్కన పెట్టేశారు. "పోయాడమ్మాయ్," అన్నారు.

"ఆంటీ, మీరు వాల్‌తో మాట్లాడుతున్నారు," అంది రెడ్‌మండ్ అమ్మాయి. "వాల్ ఈజ్ నాట్ అ నర్స్, ఆంటీ!"

అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మళ్లీ మొదలుపెట్టాం. మిగతావాళ్లని కాస్త కాస్త పిలవడం వచ్చింది. నాకంటే చిన్నవాళ్లు, పైగా ఇంగ్లీషులో చెప్పేటప్పుడు జంకు తక్కువ. పెద్దాయన దగ్గరికొచ్చేసరికి మళ్లీ 'సర్' అనే వచ్చేది. ఒకసారి పేరన్నాను గానీ చివర 'గారు' జారిపోయింది. ఆయన కదల్లేదు. ఆ బియ్యం బస్తాని ఎన్నిసార్లు చంపానో నాకే తెలియదు. "ఈ బియ్యం నేను వండుకోవాలమ్మా, ఇంత పాపం మూటగట్టుకున్నాక ఎలా తినను?" అనేవారు ఆయన.

ఇంట్లో కూడా సాధన మొదలుపెట్టాను. ఒకరోజు వంటింట్లో నిలబడి, కింద బేస్‌మెంట్‌లో ఆఫీసు పని చేసుకుంటున్న మా ఆయన్ని గట్టిగా పేరు పెట్టి పిలిచాను. దబదబా మెట్లెక్కి వచ్చారు, చెవిలో ఇయర్‌ఫోన్ వేలాడుతోంది, మొహంలో రక్తం లేదు. ఆయనది వరంగల్.

"ఏమైందే? నేనేం జేసిన?"

"ఏం లేదు. ప్రాక్టీస్."

"గట్ల పిలిస్తె నా పెండ్లాం పోలీసులను పిలిచిందనుకున్న!" అని కుర్చీలో కూలబడ్డారు. సంగతి చెప్పాను. కాసేపు నవ్వి, నీళ్లు తాగి, వెనక్కి వెళ్లబోతూ మెట్ల దగ్గర ఆగారు. "మంచిగనే ఉంది గని, ఇంకోసారి పిలువు," అన్నారు. పిలిచాను. ఈసారి అంత కష్టం కాలేదు. ఆ వారమంతా మా ఇంట్లో ఉప్పు నుంచి చెత్తడబ్బా దాకా అన్నీ పేరు పెట్టే అడిగాను. ఆయన ఆయుష్షుకేం కాలేదు, చెత్తడబ్బా మాత్రం చెప్పిన వెంటనే బయటికి వెళ్లింది.

నెలాఖరు దగ్గరపడింది. పరీక్షకి ముందు ఆదివారం అందరూ వెళ్లిపోయాక నేను ఉండిపోయాను. మనసులో ఉన్నది చెప్పేశాను.

"సర్, మీ పేరు మాత్రం నావల్ల కాదు. ఎంత గింజుకున్నా రావడంలేదు. మూడో అంతస్తులో ఆ తెల్లజుట్టాయన మీలాగే ఉంటాడు. ఆయన ముందు కూడా నోరు పెగలదు. ఇంకో ఏడు మళ్లీ మొదట్నుంచి చెయ్యాలంటే నాకు ఓపిక లేదు. మీరింకెవరికైనా నేర్పండి, నామీద టైం వేస్ట్."

ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టారు. చెంచాతో గ్లాసు మీద చిన్నగా కొడుతూనే ఉన్నారు, అలవాటు కొద్దీ.

"పేరు పెట్టి పిలిస్తే నాకు తక్కువవుతుందనుకుంటున్నావు కదూ?"

"అవును సర్."

"మా ఆవిడా నీలాంటిదే. కాపురమంతా ఏమండీతోనే గడిపింది. చివర్లో ఆస్పత్రిలో కూడా నర్సుతో 'వారిని పిలవండి' అంది. ఆ నర్సు వారెవరో తెలీక హాలంతా వెతికింది." ఆయన నవ్వారు. "మా అమ్మా నాన్నా పిలిచేవాళ్లు. హాస్టల్లో వెధవలు పిలిచేవాళ్లు. మా అక్కయ్య ఫోన్ చేసి పిలిచేది, ఎంత గట్టిగానో, ఫోన్ లేకుండానే వినపడేట్టు. ఒక్కొక్కళ్లే పోయారు. అక్కయ్య కూడా పోయాక నా పేరు ఇక డ్రైవింగ్ లైసెన్స్ మీదే మిగిలింది. బయటకెళ్తే డాక్టరుగారు, గుళ్లో పెద్దాయన, పిల్లలకి అంకుల్. అందరూ గౌరవించేవాళ్లే, పిలిచేవాళ్లే లేరు."

నేను కుర్చీ కెమెరాకి దగ్గరగా జరుపుకున్నాను.

"నీకు పని నేర్పడానికే పేరు పెట్టి పిలవమన్నాను గానీ, అబద్ధం చెప్పను. ఆ రెడ్‌మండ్ పిల్ల పిలుస్తుంది, కానీ దానికి అది ఇంగ్లీషు మాటే. తెలుగు నోటితో వినాలని నాకూ ఉంది," అన్నారు.

చెంచా చప్పుడు ఆగిపోయింది. కావాలని ఆపారో, చెయ్యే ఆగిందో తెలియదు. బల్ల మీద చొక్కా తొడుక్కున్న బియ్యం బస్తా ఉంది. నేను గోడని చూడలేదు. ఆయన మొహంలోకి చూసి పేరు అన్నాను. ముందూ వెనకా ఏమీ తగిలించలేదు. "కంప్రెషన్స్ మొదలుపెట్టు," అన్నాను. మొదలుపెట్టు! మొదలుపెట్టండి కూడా కాదు.

ఆయన పద్ధతి ప్రకారం ఆ మాట తిరిగి పలకాలి. పలకలేదు. తల వంచుకుని బస్తా చొక్కాకి ఊడిన గుండీ పెట్టారు. ఇంకో గుండీ, అది ఊడలేదు కూడా, విప్పి మళ్లీ పెట్టారు. కాసేపటికి, "పరీక్ష అయ్యాక ఫోన్ చెయ్యి అమ్మా," అని కాల్ పెట్టేశారు.

అడిగారు కదాని అనేశాను గానీ, అడగడం వేరు, చెవిన పడ్డాక ఎలా ఉంటుందో వేరు కదా. తండ్రి కంటే పెద్ద మనిషిని పట్టుకుని, అదీ ఏకవచనంలో! మా ఆయనతో చెప్తే, "ఫోన్ జేసి అడుగు," అన్నారు. ఏమని అడగను? మెసేజ్ రాసి చెరిపేశాను, మళ్లీ రాసి మళ్లీ చెరిపేశాను. పరీక్ష తప్పుతానన్న భయం ఒకవైపు, నాకు ఈ బతుకిచ్చిన మనిషిని నొప్పించానన్న దిగులు ఒకవైపు. ఆ వారం అన్నం సహించలేదు.

పరీక్ష రోజు మళ్లీ అదే గది, అదే మంచం. ఈసారి బొమ్మ, భార్య కారు పార్క్ చేసి వస్తోందని, ఆవిడొచ్చేదాకా తనని వదిలి వెళ్లొద్దని బతిమాలింది. అద్దం వెనక మనిషికి మంచి గొంతు ఇచ్చాడు దేవుడు. "ఎక్కడికీ వెళ్లను," అన్నాను. డాక్టరమ్మ మూలన నిలబడి ఉంది, గుమ్మం దగ్గర అడ్డంగా నిలబడిన మా పెద్ద ఆడపడుచే గుర్తొచ్చింది నాకు. బొమ్మ మాట మధ్యలో ఆగిపోయింది. మానిటర్ గోల పెట్టింది.

తెల్లజుట్టాయన అక్కడే ఉన్నాడు, నా ఎడమవైపు. పోయినసారి తనంతట తనే నొక్కడం మొదలుపెట్టాడు, ఈసారి పెట్టలేదు. చేతులు కట్టుకుని నావైపు చూస్తున్నాడు. ఎదురుచూస్తున్నాడని అర్థమైంది. పేరు పెట్టి పిలిస్తే ఎదుటివాళ్ల దగ్గర్నుంచి ఏదో లాక్కున్నట్టని ఇన్నాళ్లూ అనుకున్నాను. బల్ల దగ్గర తలవంచుకున్న పెద్దాయన గుర్తొచ్చారు, పిలిచేవాళ్లే లేరన్న మాటా గుర్తొచ్చింది.

తెల్లజుట్టాయన్ని పేరు పెట్టి పిలిచాను. "ఛాతీ నొక్కండి."

"ఛాతీ నొక్కుతున్నాను," అన్నాడు వెంటనే, రెండు చేతులూ వేసి.

ఆ తర్వాత నాకు నేనే ఆశ్చర్యపోయాను. సొరుగు దగ్గరున్న అమ్మాయిని పేరు పెట్టి పిలిచి ఎపినెఫ్రిన్ అడిగితే, ఆ మాటే తిరిగి చెప్పి ఇచ్చి, "అయింది," అంది. నా బ్యాచ్ కుర్రాణ్ని పిలిచి షాక్ మెషిన్ చార్జ్ చేయించాను. అందరినీ చేతులు తియ్యమన్నాను, షాక్ కొట్టించాను. తెల్లజుట్టాయన భుజాలు అలసిపోవడం కనబడింది. ఇంకొకర్ని పేరుతో పిలిచి మార్పించాను. ఆయన పక్కకి వచ్చి నుదురు తుడుచుకుంటూ నావైపు చూసి కన్నుకొట్టాడు. ఆ గదిలో నేను గోడని చూసింది ఒక్కసారే, అదీ టైము చూడ్డానికి.

మానిటర్ మీద గీత కుదురుకుంది. బొమ్మ దగ్గి, "మా ఆవిడ వచ్చిందా?" అంది.

డాక్టరమ్మ వీడియో కూడా పెట్టలేదు. నా ఎదురుగా వచ్చి నిలబడి, నన్ను పేరు పెట్టి పిలిచి, రెండో ఏటికి స్వాగతం అంది. నా పేరు ఆవిడ నోట్లో కాస్త వంకరపోయింది గానీ, అంత బాగా ఎవరూ పిలవలేదనిపించింది. మనుషుల ప్రాణాల మీదికి తెచ్చే తప్పులన్నీ ముందు బొమ్మ మీద చేయించి, సిగ్గుపడనివ్వకుండా దిద్దే ఆ గది అంటే నాకు ఇప్పటికీ గుడి మీదున్నంత గౌరవం. నేను చదువుకునే రోజుల్లో అలాంటి గది ఒక్కటుంటే ఎందరం ఎన్ని తిట్లు తప్పించుకునేవాళ్లమో, ఎందరు పేషెంట్లు ఇంటికెళ్లేవాళ్లో.

కిందికి వచ్చి పార్కింగ్‌లో కారులో కూర్చున్నాను. మధ్యాహ్నం ఎండ. ముందు మా ఆయనకి మెసేజ్ పెట్టాను. తర్వాత అల్ఫారెట్టాకి ఫోన్ కలిపాను. రింగవుతుంటే లోపల గదిలో కంటే ఎక్కువ భయం వేసింది. ఆయన ఎత్తారు. "హలో" అని కూడా అనలేదు, ఊపిరి మాత్రం వినపడుతోంది. 'సర్' నాలిక చివరిదాకా వచ్చింది. మింగేసి, పేరు పెట్టి పిలిచాను.

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"వినపడింది," అన్నారు. గొంతు సవరించుకున్నారు. "ఏం చెయ్యమంటారు, డాక్టర్?"

ఇన్నేళ్లలో నన్ను 'అమ్మాయ్', 'అమ్మా' తప్ప మరో మాటతో పిలవని మనిషి. ఎప్పుడూ నువ్వు తప్ప మీరు అనని మనిషి. పరీక్ష ఏమైందని కూడా అడగలేదు, ఆ పిలుపులోనే తెలిసిపోయినట్టుంది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. ఏం చెయ్యమనాలో ఒక్క మందు పేరు గుర్తురాలేదు. మా అమ్మ అయితే గోడతో అడిగేది. నేను ఆయన్నే అడిగాను.

"భోంచేశారా? చెయ్యకపోతే ముందు భోంచెయ్యండి."

"భోంచేస్తున్నాను," అన్నారు ఆయన, పద్ధతి ప్రకారం.

నేను కారు స్టార్ట్ చేసి ఇంటికి బయల్దేరాను. ట్రాయ్‌లో మా వీధి మలుపు దగ్గర ఫోన్ మోగింది. ఇంటి ముందు కారు ఆపి చూశాను. ఖాళీ కంచం ఫోటో, పక్కన చొక్కా విప్పేసిన బాస్మతి బస్తా, మూతి కత్తిరించి ఉంది. కింద ఒక్క మాటే రాశారు. "అయింది."